ఆ చెంప

భయపెట్టే బొమ్మల మ్యూజియంకు వెళ్దామని పట్టుబట్టింది నా భార్యే. అక్కడ దేన్నయినా ముట్టుకుని చూడొచ్చట. మొదటి గదిలోనే ఒక పిశాచం పొట్టలోకి చెయ్యి దూర్చమన్నారు. పేగుల్లాంటివేవో జిగురు జిగురుగా వేళ్ళకు చుట్టుకున్నాయి. నేను గబుక్కున చెయ్యి లాగేసుకున్నాను. ఆమె మాత్రం మోచేతిదాకా దూర్చి పకపకా నవ్వింది.

మూడో గదిలో రాక్షసులు గోడ వెంట వరసగా నిలబడి ఉన్నారు. "ఉక్కపోస్తోందండీ" అంటూ ఆమె వాళ్ళ పక్కనే ఆగి, ముఖానికి కట్టుకున్న స్కార్ఫ్ విప్పేసింది. బేకరీలో పొయ్యి పేలి కాలిపోయిన కుడి చెంప బయటపడింది. ఎప్పటిలాగే నేను చూపు తిప్పుకున్నాను.

అంతలో ఒక పెద్దావిడ వచ్చి, ఆ మసక వెలుతురులో ఆమె చెంప నెమ్మదిగా నిమిరింది.

"అబ్బ, ఎంత బాగా చేశారో! అచ్చం మనిషి చర్మమే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "బొమ్మ కాదమ్మా, నా భార్య!" అని అరిచాను. పెద్దావిడ హడలిపోయి, తప్పయిపోయిందని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

బయటికొచ్చినా నా కోపం తగ్గలేదు. "ఛీ, ఏం మనుషులో! ఆవిడ అలా తడుముతుంటే నీకు అసహ్యం వెయ్యలేదూ?"

"లేదండీ" అంది. "ఈ చెంప మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఆరేళ్ళయింది."

ఆ చెంప వైపు ఎలాగో చెయ్యెత్తాను. ఆమె మెల్లిగా తల పక్కకు జరుపుకుంది.

"వద్దులెండి, మీరు కళ్ళు మూసుకున్నారు."