చుక్కల మిషన్

"బావా, ఎంత రంగేసినా ఈ తుప్పు పైకి తేల్తంది. ఏటి సేద్దాం?" అన్నాడు సుక్రు, ముక్కుకు అంటిన రంగు తుడుచుకుంటూ.

భీముడు వాషింగ్ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒళ్లంతా గోధుమరంగు బాగానే పట్టింది గానీ, తుప్పు తిన్నచోటల్లా మచ్చలు కనబడుతున్నాయి.

"గరుకు కాయితంతో గట్టిగా రుద్దమన్నాను కదా. నువ్వేటి, పిల్లిని నిమిరినట్టు నిమిరినావు?"

"గట్టిగా రుద్దితే రేకు సిల్లులు పడతంది!"

"అయితే మచ్చ మీదల్లా తెల్లసుక్క పెట్టీ. దుప్పిలాగుంటాది."

వేటకు వచ్చిన మిగతా ఇద్దరూ పడీ పడీ నవ్వారు. భీముడు నవ్వలేదు. నవ్వే స్థితిలో లేడు పాపం.

మన్యంలో ఇటుకల పండగ రోజులవి. మగాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోవాలి, ఏదో ఒకటి కొట్టుకురావాలి. తెచ్చినదాన్ని కోసి వండేది కూడా మగాళ్లే, ఆడవాళ్లు చెయ్యి పెట్టకూడదు. ఇప్పుడు అడవిలో జంతువును ముట్టుకుంటే ఫారెస్టు వాళ్లు ఊరుకోరని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఉత్త చేతులతో వచ్చిన మగాళ్ల నెత్తిన పేడనీళ్లు పోసే హక్కును మాత్రం ఆడవాళ్లు వదులుకోలేదు. వేట పెద్ద భీముడే కాబట్టి నిరుడూ, అంతకుముందూ అందరికంటే ఎక్కువ తడిసిందీ అతనే. ఈసారి కూడా తడిస్తే పెద్దరికం వేరేవాడికి ఇచ్చేస్తామని ఊరు తేల్చి చెప్పేసింది. అది తాత నాటి నుంచీ వస్తున్న పెద్దరికం. పోతుందేమోనని భీముడికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

పైగా బయల్దేరేటప్పుడు భార్య చిట్టెమ్మతో గొడవ. నీ చొక్కా నువ్వే ఉతుక్కోమంది. "ఆడోళ్ల పని నాకు సెప్పకు. వేట పనైతే ఎంతైనా సేత్తాను," అని విల్లు భుజాన వేసుకుని వచ్చేశాడు.

అడవంతా తిరిగితే ఎండ దెబ్బ తప్ప ఏమీ తగల్లేదు. నలుగురూ నీరసంగా సీలేరు పవర్‌హౌస్ కాలనీ పక్కనుంచి ఇంటిదారి పట్టారు. అప్పుడు ఒక క్వార్టర్ గేటు దగ్గర నిలబడి సాయిదుర్గమ్మ అనే ఆవిడ పిలిచింది.

"బాబూ, ఈ మిషన్ తీసుకెళ్తారా? బాగానే తిరుగుతుంది. తుప్పు పట్టిందని మా ఆయన కొత్తది కొనేశారు."

స్విచ్ వేసి చూపించింది కూడా. లోపల నీళ్లు గిరగిరా తిరిగాయి. భీముడు డబ్బు మాట ఎత్తబోతే వద్దని చెయ్యి ఊపేసింది. తలుపులకు వెయ్యగా మిగిలిన రంగు డబ్బాలు, బ్రష్షులు, గరుకు కాగితం కూడా చేతిలో పెట్టింది.

"ఇవాళే పట్టుకుపోవాలి మరి," అంది.

ఏదో ఒకటి తేవాలన్నారు గానీ, దానికి కాళ్లుండాలని పెద్దలెవరూ చెప్పలేదు కదా అనుకున్నాడు భీముడు. చిక్కల్లా చిట్టెమ్మతోనే. సంతకు వచ్చినప్పుడల్లా ఆమె ఈ కాలనీలో ఇంటింటికీ తిరిగి పనసకాయలు అమ్ముతుంది. తెల్లగా ఉండే ఈ మిషన్‌ని ఎప్పుడో చూసే ఉంటుంది. కాలనీలో అడుక్కొచ్చినారా అని నలుగురిలో అడిగితే వేట పరువేం కావాలి? అందుకే వాగు ఒడ్డున ఈ రంగుల పని.

పొద్దువాలేసరికి రంగు చాలావరకు ఆరింది. మిషన్‌ని అడ్డతీగతో వెదురుబొంగుకు కట్టి భుజాలకెత్తుకున్నారు. ఊరు దగ్గరపడగానే సుక్రు కొమ్ము ఊదాడు.

ఊరి మొదట్లో ఆడవాళ్లు పేడనీళ్ల బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు చిట్టెమ్మ.

"ఏటి మావా అది?"

"కనబడ్డం లేదేటి? సుక్కల దుప్పి!"

"ఎక్కడ కొట్టినారు?"

"కొండెనకాల. ఒక్కటే బాణం."

"మరి బాణం దెబ్బేదీ?"

భీముడు తడబడి, నీళ్లు బయటికి పోయే బొక్క చూపించాడు.

చిట్టెమ్మ దగ్గరికొచ్చి ఒక చుక్క మీద వేలు పెట్టింది. వేలికి తెల్లరంగు అంటింది. ఆమె తాపీగా వేలు కొంగుకు తుడుచుకుని, "కొవ్వు బాగా పట్టిన దుప్పే," అంది.

బిందెలు కిందికి దిగాయి. డప్పు మోగింది. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని థింసా ఆడారు. పెద్దరికం ఎవరికివ్వాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆనందంతో భీముడి కళ్లు చెమర్చాయి.

తెల్లారి లేచి చూస్తే, అరుగు మీద మిషన్ ముందు ఊరందరి బట్టలూ గుట్టగా పడి ఉన్నాయి.

"ఇదేటే?"

"వేట పని మగోళ్లదే కదా మావా. మేం సెయ్యి పెట్టకూడదు," అంది చిట్టెమ్మ.

"ఇది మిషనే!"

"నిన్న ఊరందరి ముందూ దుప్పన్నావు. కాదంటే ఇప్పుడే సెప్పీ. బిందెల్లో నీళ్లు అలాగే ఉన్నాయి."

సుక్రు అప్పటికే వాగు నుంచి నీళ్లు మోసుకొస్తున్నాడు. ఇక తప్పదని భీముడు ముందు తన చొక్కానే మిషన్లో పడేశాడు.

చిట్టెమ్మ నవ్వాపుకుంటూ పెరట్లోకి వెళ్లి ఫోన్ చేసింది.

"సాయిదుర్గమ్మగారూ, మనం అనుకున్నట్టే మోసుకొచ్చీసినారు!"