బొగ్గుమర గదిలో హారతి

“ఆ గదిలో కర్పూరం వెలిగించొద్దు,” అంటూ మేస్త్రీ ఖాజా మొహిద్దీన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆ రోజు విజయదశమి. నరసరావుపేటలో త్రికోటేశ్వరరావు ఇనుప పోత కార్ఖానాలో పూజ జరుగుతోంది. ఇంజనుకు హారతి అయింది. ఇక మిగిలింది బొగ్గుమర. కరిగిన ఇనుము అచ్చుకు అంటుకోకుండా అచ్చు చేసే ఇసుకలో బొగ్గుపిండి కలుపుతారు. బొగ్గును మరలో వేసి ఆ పిండి పట్టే గది అది. కిటికీ లేదు. పూజ కోసమని పొద్దున్నే దులిపారు. వాసాల మీద పేరుకున్న పిండి గాల్లోకి లేచింది. ఇంకా దిగలేదు.

“ఏంది సాయిబూ నీ గొడవ?” అన్నాడు త్రికోటేశ్వరరావు. “మా పూజ నీకు కంటగింపుగా ఉందా?”

“పూజ చేసుకోండి. నిప్పొద్దంటున్నా. బొగ్గు కుప్పలో ఉంటే కాలుద్ది. పిండయి గాల్లో ఉంటే పేలుద్ది. నేను ముందు పనిచేసినకాడ రేకుల కప్పు లేచి రోడ్డవతల పడింది. కింద ఉన్నోళ్ళని గోనెపట్టాల్లో మోసుకుపోయారు.”

“బొగ్గు పేలుద్దంట! అయితే దీపావళికి టపాకాయలు దండగ. పిల్లలకి తలా ఓ తట్ట బొగ్గు పంచితే సరి.”

కూలీలు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు.

ఖాజా మొహిద్దీన్ గదిలోంచి గుప్పెడు పిండి తెచ్చి, ఆవరణలో నైవేద్యం ఉడుకుతున్న పొయ్యి మీద విసిరాడు. మంట మనిషెత్తు లేచి ఆరింది.

“నా పొంగలి!” అని త్రికోటేశ్వరరావు భార్య ఆదిలక్ష్మమ్మ కేక పెట్టింది.

“ఇది గుప్పెడు,” అన్నాడు మొహిద్దీన్. “లోపల ఎంతుందో మీరే చూసుకోండి.”

“వీధినాటకంలో రాక్షసుడొచ్చినప్పుడు దివిటీ మీద గుగ్గిలం కొడితే ఇట్టానే లేస్తది. ఆ గుగ్గిలం కొట్టేవాడికి ఓ పూట తిండి పెడతాం. నిన్ను మేస్త్రీ అని ఏడాది పొడుగునా మేపుతున్నా.”

పూజ చేయిస్తున్న పంతులుకు వేరే మిల్లులో కూడా పూజ ఉన్న సంగతి గుర్తొచ్చింది. పళ్ళెం కింద పెట్టి, దక్షిణ కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

త్రికోటేశ్వరరావు మర దగ్గర పనిచేసే రోశమ్మ వైపు తిరిగాడు. “ఏమే, రోజూ లోపల ఉండేదానివి నువ్వేగా. పట్టుకెళ్ళి హారతియ్యి.”

“నేనియ్యకూడదయ్యా. మీరుండగా నా చేత్తోనా? కళ్ళు పోతయ్యి.”

“ఆమెనెందుకు పంపిస్తారు?” అన్నాడు మొహిద్దీన్. “కార్ఖానా మీది, దేవుడు మీవోడు. మీరే పోండి.”

అందరూ యజమాని వైపు చూశారు.

“పోతా. నేను బయటికొచ్చిన మరుక్షణం నువ్వు మూటాముల్లె సర్దుకుని రైలెక్కాలి. ఈ చుట్టుపక్కల ఏ కార్ఖానాలోనూ నీకు పని లేకుండా చేస్తా. సరేనా?”

అతను అన్నంత పనీ చేయగలడని మొహిద్దీన్‌కు తెలుసు. తనకు గడ్డం నెరిసింది. కొత్తచోట ఎవరూ పెట్టుకోరు. అయినా తలుపు దగ్గర నుంచి జరిగాడు.

“సరే. వీళ్ళని మాత్రం దూరంగా పోనియ్యండి.”

ఆదిలక్ష్మమ్మ కర్పూరం బిళ్ళలు పెట్టిన పళ్ళెం, గంట, అగ్గిపెట్టె అందించింది. త్రికోటేశ్వరరావు లోపలికి వెళ్ళి, గాలికి హారతి ఆరిపోతుందని చెప్పి తలుపు వేసుకున్నాడు. మొహిద్దీన్ అందరినీ ఇసుక గుట్ట వెనక్కి తోలి, తానూ బోర్లా పడుకున్నాడు. లోపల గంట మోగింది. చాలాసేపు మోగింది. ఆగింది.

తలుపు తెరుచుకుంది. త్రికోటేశ్వరరావు బయటికొచ్చాడు. లాల్చీ నల్లబడింది. పళ్ళెం ఖాళీ. మధ్యలో మసి.

“మర చుట్టూ తిప్పా. కర్పూరం కొండెక్కిందాకా నిలబడ్డా. ఏదిరా మేస్త్రీ, నీ పేలుడు?”

ఆదిలక్ష్మమ్మ ముందుకొచ్చి, పళ్ళెంలోని మసి వేలికి అంటించి బొట్టు పెట్టుకుంది. కూలీలు వరస కట్టారు. రోశమ్మ మెడలోని తాళికి కూడా రాసుకుంది.

“మీ ఆయనది ఉక్కు గుండెమ్మా,” అంది.

మొహిద్దీన్ లేచి మోకాళ్ళ మీది ఇసుక దులుపుకున్నాడు. మొలలోని కార్ఖానా తాళంచెవి తీసి ఇవ్వబోయాడు.

“ఉంచుకో,” అన్నాడు త్రికోటేశ్వరరావు. “నేను నీ అంత చెడ్డోణ్ణి కాను. నాకేం తెలియదు, ఒట్టి పిరికోణ్ణని వీళ్ళందరి ముందూ చెప్పు. పనిలో ఉండు.”

మొహిద్దీన్ తాళంచెవి వైపు చూశాడు.

“నాకేం తెలియదు. పిరికోణ్ణి.”

“గట్టిగా. రోశమ్మకి వినపడలా.”

“పిరికోణ్ణి!” అని అరిచాడు మొహిద్దీన్.

“అట్టా అను,” అంటూ త్రికోటేశ్వరరావు చెమట తుడుచుకోవడానికి లాల్చీ జేబులోంచి రుమాలు లాగాడు. రుమాలుతోపాటు కర్పూరం బిళ్ళలు జారి రోశమ్మ కాళ్ళ దగ్గర పడ్డాయి.