అరవై మూడో టిక్కు

"ఆయనకి మాత్రం అస్సలు తెలియకూడదు."

లాంచీ పై డెక్‌కి ఎక్కుతున్న కళాసీ మెట్ల మీదే ఆగిపోయాడు. ఆ గొంతు తన భార్యది. ఆయన అంటే ఇంకెవరు, తనే!

"నా నోట్లోంచి మాట దాటదు వదినగారూ," అన్నాడు ఆమె పక్కన కూర్చున్న ఫ్లూటు వాయించే అతను. గాలికి ఎగిరే జుట్టు, ఒళ్లో పొడవాటి సంచీ. 'వదినగారూ' అనడంలోనే అరకిలో తేనె ఒలకబోశాడు.

కళాసీ గట్టిగా దగ్గాడు. ఇద్దరూ ఠక్కున నోళ్లు మూసేశారు.

"ఏంటి రహస్యాలు?"

"రహస్యాలేముంటాయండీ! పాటల గురించి," అంది భార్య, సముద్రంకేసి చూస్తూ.

"పదేళ్లుగా ఈ లాంచీలో చేస్తున్నా. ఒక్కసారి రమ్మంటే రాలేదు. ఇవాళ పాటలకోసం ఎగేసుకొచ్చావా?"

"మీతో వచ్చి ఏం వినాలి? మీ చేతిలో ఆ టిక్కు టిక్కేగా!"

ఫ్లూటు పకపకా నవ్వాడు. కళాసీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

టిక్కు టిక్కు అంటే అతని అరచేతిలో ఇమిడే లెక్క మిషన్. రేవు మీంచి లాంచీలోకి వేసే ముందు బల్ల మీంచి ఒక మనిషి ఎక్కితే ఒక నొక్కు. వెనక బల్ల చేపల బుట్టలకి, దానికి లెక్కలేదు. ఈ ఉదయం గేలాలేసుకుని చేపలకి బయల్దేరినవాళ్లు, దీవిలో సంగీతోత్సవానికి వెళ్లేవాళ్లు, అక్కడి బొమ్మలు కొనుక్కునేవాళ్లు, అంతా కలిసి అరవై మూడు. సాయంత్రం మళ్లీ అరవై మూడు పడితేనే లాంచీ కదలాలి. అది రూలు.

పగలంతా కళాసీ డెక్ కడుగుతూనే ఉన్నాడు. కళ్లు మాత్రం ఒడ్డు మీదే. ఇద్దరూ బొమ్మల దుకాణాల వరసలోకి దూరారు. గంటన్నర. సంగీతం వేదికేమో ఇటుంటే, పాటలకోసం వచ్చిన మనిషికి అటేం పని? చీపురు పుల్లలు ఊడి వచ్చేలా తోమాడు.

మూడు దాటాక లాంచీ నడిపే సరంగు పైనుంచి కేకేశాడు. "పోటు తగ్గుతోందయ్యా! పది నిమిషాల్లో కదలాలి. ఆలస్యమైతే రేవులో ఇసుక మీద కూర్చుంటాం. రేపు ఆదివారం, లాంచీలు తిరగవు, ఎల్లుండి దాకా ఇక్కడే కాపురం!"

భార్య ముందే వచ్చేసింది. టిక్కు. పైకెళ్లి కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాడు. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. యాభై. యాభై ఎనిమిది.

అప్పుడొచ్చాడు ఫ్లూటు. బల్ల మీద కాలు పెట్టబోయి ఆగాడు.

"అన్నా, ఇంకా ఎంతసేపుంది?"

కళాసీ అతని మొహంలోకి చూశాడు. రెండు రోజులు. రెండు రోజులు ఈ దీవిలో ఉప్పుగాలి తింటూ తన ఫ్లూటు తనే వినాలి.

"అరగంట. తాపీగా రండి," అన్నాడు, నవ్వు అరువు తెచ్చుకుని.

"అయితే చిన్న పనుంది, చూసుకునొస్తా." జనంలో కలిసిపోయాడు.

అరవై. అరవై ఒకటి. అరవై రెండు. అంతే, బల్ల మీద ఇంకెవరూ లేరు. కళాసీ అటూ ఇటూ చూసి, గాలికి ఒక నొక్కు నొక్కాడు.

టిక్కు.

"అరవై మూడు! పోనివ్వండి సరంగు గారూ!"

హారన్ మోగింది. రెండు బల్లలూ లాగేశారు. రేవుకీ లాంచీకీ మధ్య నీళ్లు తాటిచెట్టంత వెడల్పయ్యాక, దుకాణాల వరసలోంచి ఫ్లూటు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెయ్యి ఊపాడు. ఏదో అరిచాడు. మధ్యలో ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"వాయించుకో నాయనా," అనుకున్నాడు కళాసీ. పదేళ్లలో అంత తేలిగ్గా ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు.

పై డెక్‌లో భార్య సీటు మీద ఆమె చేతిరుమాలు ఉంది. ఆమె లేదు.

కింద వెతికాడు. ఇంజను గది దాకా వెళ్లాడు. చివరికి వెనక బల్ల దగ్గర చేపల బుట్ట సర్దుకుంటున్న ముసలాయన్ని అడిగాడు.

"నీలం చీరావిడా? ఇందాక ఆ ఫ్లూటాయన కిందనుంచి కేకేశాడయ్యా, ఇంకా అరగంట ఉంది రమ్మని. ఇదుగో, ఈ బల్ల మీంచే దిగి గబగబా వెళ్లింది."

కళాసీ బుట్టలు దాటుకుంటూ పరిగెత్తాడు. రెండంగల్లో సరంగు దగ్గరికి వెళ్లాడు. "వెనక్కి తిప్పాలి! ఒక మనిషి..."

"ఇప్పుడా? రేవులో మోకాలి లోతు కూడా ఉండదు. అయినా అరవై మూడు పడ్డాయని నువ్వేగా అరిచావు?"

జేబులో ఫోన్ మోగింది. మెసేజ్.

"ఏమండీ, మీకోసం గేలం కర్ర కొని, దాని మీద మీ పేరు, చేపల బొమ్మలు వేయించాను. వేసింది ఫ్లూటు గారి అక్కయ్యే. రంగు ఆరలేదని దుకాణంలో ఉంచితే, తెచ్చుకునేలోపు లాంచీ వెళ్లిపోయింది. అరగంట ఉందని మీరే చెప్పారట కదా? ఆవిడేమో వెనక బల్ల మీంచి మీ లాంచీ ఎక్కేసిందట, ఇక్కడ ఆవిడ ఇల్లంతా ఖాళీ. కంగారు పడకండి, సోమవారం దాకా ఫ్లూటు గారు నాకు తోడున్నారు."