పులుసులో ఉప్పు

హోటల్ యజమాని భూపేష్ వంటింట్లోకి వస్తూనే మటన్ పులుసు గిన్నెను పొయ్యి గట్టు మీద ఎత్తి కుదేశాడు. పావు వంతు పులుసు గట్టు మీదే చిందింది.

“ఏమప్పా నెహెమ్యా! దీంట్లో ఉప్పు యాడుండాదో నాకు సూపించు.”

వంట మాస్టర్ నెహెమ్యా గరిటె ఆపలేదు. మధ్యాహ్నం పూట కల్లూరు హోటల్లో నాలుగు పొయ్యిలూ మండుతున్నాయి. పైన రేకులు, రేకుల పైన కర్నూలు ఎండ. ఈ వంటిల్లు ఒక్కటి చూస్తే చాలు, నరకం గురించి ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

“సరిగ్గానే ఏసినా సార్.”

“సరిగ్గా ఏస్తే గిన్నె వెనక్కెందుకొస్తాది? ఏసీ రూంలో కూచోనుండేది ఎవరనుకున్యావు? పత్తికొండ పెద్దాయన. టమోటా మండీలో ఆయన మాటంటే మాట. తన మనుషులకు తినబెట్టాలని బండ్లేసుకోని వచ్చినాడు. ఆయనింట్లో పెండ్లి వంట మనకొస్తాదని నేను కాచుకోనుంటే, నువ్వు నా నోట్లో మన్ను కొడతాండావు. అసలు రుచి సూసినావా, లేదా?”

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం నెహెమ్యాకు ఉపవాసం. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టడు. ఈ శుక్రవారాలన్నీ కంటితో, ముక్కుతోనే వండుతున్నాడు. ఇంతవరకు ఒక్క గిన్నె వెనక్కి రాలేదు.

“ఉపవాసం సార్.”

“ఖాజా, నువ్వన్నా సూసినావా?”

పక్కన బిర్యానీకి దమ్ము పెడుతున్న రెండో వంటవాడు ఖాజా తల వంచుకున్నాడు. “రోజా సార్.”

“ఒకనికి ఉపవాసం, ఒకనికి రోజా! ఇది హోటలా, మఠమా? జనాలు డబ్బులిచ్చి తినేది మీ భక్తినా?”

నెహెమ్యాకు ఒళ్లు మండింది. గిన్నెను యజమాని ముందుకు తోశాడు. “మీరే ఒక చుక్క ఏసుకోని సూడండి సార్.”

భూపేష్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “నాకు ఈపొద్దు ఏకాదశి.”

ఖాజా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి భూపేష్ ఇంకా రెచ్చిపోయాడు.

“నేను తినకపోతే ఎవురికీ నష్టం లేదు. వంటోడివి నువ్వు. నాలిక మీద పెట్టి సూడు. లేదంటే ఆ ఏప్రన్ ఇప్పి ఆడ పెట్టి పో!”

ఈ వయసులో తనకు ఇంకో పొయ్యి దొరకదని నెహెమ్యాకు తెలుసు. “ప్రభువా, క్షమించు” అని లోపల అనుకుని, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకాడు. ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది.

“ఉప్పు సరిపోయింది సార్. ఒక గింజ ఎక్కువ లేదు, ఒక గింజ తక్కువ లేదు.”

“అంటే పెద్దాయన అబద్ధం సెప్తాండాడా?”

“నా నాలిక సెప్పింది నేను సెప్తాండా.”

“నీ నాలిక సచ్చిపోయిందిలే. ఉప్పెయ్. నా కండ్ల ముందరే ఎయ్!”

వంటవాడు ఎన్ని తిట్లయినా పడతాడు గానీ ఈ మాట పడడు. నెహెమ్యా డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు ఉప్పు తీసి గిన్నెలో కొట్టాడు. చాలలేదన్నట్టు ఇంకో పిడికెడు కొట్టాడు. పైన రెండు గరిటెల వేడి పులుసు పోసి, కసిగా తిప్పి, సర్వర్ తిమ్మయ్య చేతిలో పెట్టాడు.

“అన్నా, సముద్రం చేసినావు గదన్నా!” ఖాజా గొణిగాడు.

“గమ్మునుండప్పా.”

తిమ్మయ్య గిన్నెతో ఏసీ రూంలోకి పోయాడు. “ఈసారి వెనక్కొచ్చిందంటే దాంతో పాటే నువ్వూ బయటికి” అని భూపేష్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

నెహెమ్యా ఏప్రన్ ముడి తనే సగం విప్పుకున్నాడు. గిన్నె వెనక్కి రావాలనే కోరుకున్నాడు. పని పోతే పోనీ, నాలుక నిలబడితే చాలు.

కాసేపటికి తిమ్మయ్య వచ్చాడు. గిన్నె ఖాళీ.

“శానా బాగుండాదన్యాడు సార్ పెద్దాయన. ఇంకో గిన్నె తెమ్మన్యాడు. అచ్చం ఇట్లాంటిదే కావాలంట.”

నెహెమ్యా గట్టు పట్టుకుని నిలబడ్డాడు. రెండు పిడికిళ్ల ఉప్పు బాగుందా? అయితే తన నాలుక నిజంగానే పోయిందా? అరచేతిని ఇంకోసారి నాకి చూశాడు. ఏం తెలిసిందో, ఏం తెలియలేదో అతనికే అర్థం కాలేదు. ఉపవాసమూ పోయింది, ఇన్నేళ్లు అన్నం పెట్టిన నాలుకా పోయింది.

భూపేష్ తొడ కొట్టినంత పని చేశాడు. “ఇన్యావా? నాలికంటే అట్లుండాల! ఖాజా, రేపట్నుంచి మాస్టర్‌వి నువ్వే. ఈయప్ప ఉల్లిగడ్డలు కోసుకుంటా ఆ మూల కూచుంటాడు.”

నెహెమ్యా ఏప్రన్ విప్పి గట్టు మీద పెట్టి, కత్తిపీట ఉన్న మూలకు నడిచాడు.

తిమ్మయ్య రెండు పెద్ద జగ్గులు తీసి కొళాయి కింద పెట్టాడు.

“పెద్దాయన నాలికేంది సార్, ఆయనకూ ఈపొద్దు ఒక్కపొద్దే,” అన్నాడు వెనక్కి తిరగకుండానే. “గిన్నె సూసే ఉప్పు లేదన్యాడు, గిన్నె సూసే బాగుండాదన్యాడు, ఆయన బాగుండాదన్యాక బాలేదని ఎవురంటారు, పాపం ఆయన మనుషులు కక్కలేక మింగలేక జగ్గులకు జగ్గులు నీళ్లు తాగుతాండారు.”