ముక్కు అందని చోటు

చెరువుగట్టు మీద తుమ్మచెట్టులో కాపురముండే నాంచారి అనే గోరింకకు తోడికోడలంటే ఒళ్లుమంట. అత్త ఏ పురుగు తెచ్చినా ముందు ఆవిడ నోట్లోనే పెట్టేది మరి!

కట్నం గింజల కోసం కోడలిని పొడిస్తే అత్తింటివాళ్లంతా చెరువు దాటిపోవాలని అక్కడి చట్టం. నాంచారి తన ఈకలు తనే పీక్కుని, న్యాయం చెప్పే ముసలి తాబేలు ముందు గొల్లుమంది.

"గింజలు తేలేదని అత్తా, తోడికోడలూ కలిసి నన్ను పొడిచారు తాతా!"

"ఏదీ, అటు తిరుగమ్మా," అంది తాబేలు. రొమ్మున, రెక్కల కింద ఈకల్లేవు. మెడ వెనక మాత్రం నిగనిగలాడుతున్నాయి. "పొడిచేవాళ్లు ముందు మెడ మీదే పొడుస్తారు. నీ ముక్కు అందని చోట ఒక్క ఈకైనా ఊడలేదేం?"

చుట్టూ ఉన్న పిట్టలన్నీ పకపకా నవ్వాయి. తన వంతు కోసం వెనక నిలబడ్డ ఓ పిచ్చుక ఆ నవ్వు విని, నోరు విప్పకుండానే వెనుదిరిగింది. దాని మెడ వెనక ఎర్రటి పుండు.

"ఆగు తల్లీ! నీ మాట నేను వినాలి," అంటూ తాబేలు తన నడకతోనే వెంటపడింది. పిచ్చుక అప్పటికే ఎగిరిపోయింది.

బుద్ధెరిగాక మొదటిసారి, ఇంకొకరిని చూసి నాంచారి కుళ్లుకోలేకపోయింది.