పులికి తోడు

"చెయ్యి పెట్టకండి. ఆ తువ్వాలు ఇలాగివ్వండి."

అనూరాధ గట్టిగా అనేసరికి త్రినాథ్ పంజరంలోకి పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల రెండు గినీ పిగ్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని పొర్లుతున్నాయి. ఆమె తువ్వాలు వాటి మధ్యకి దోపి, తెల్లదాన్ని చుట్టి పైకి తీసింది. దాని చెవి అంచున రక్తం. గోధుమరంగుది పళ్ళు పటపటలాడిస్తూ మూలకి పోయి నిలబడింది.

గోధుమరంగుదాని పేరు పులి. వీధి చివరి ఫార్మసీ కాలేజీలో జంతువుల గది మూసేస్తూ దాన్ని వదిలించుకోబోతుంటే, త్రినాథ్ కూతురు ఝాన్సీ ఏడ్చి గీపెట్టి ఇంటికి తెచ్చుకుంది. అప్పటికి వాళ్ళమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్లకి ఇంట్లో మాట్లాడే తోడు అదొక్కటే.

"ఏటి నాన్నా ఇది?" ఝాన్సీ కోపంగా అరిచింది. "సరుకు కోసమని విజయనగరం ఎళ్ళావు. నన్ను జగ్గమ్మత్త ఇంట్లో ఉంచీసావు. వస్తూ వస్తూ ఇంకోదాన్ని తెచ్చి పులి ఇంట్లోకి ఇసిరీసావు."

"ఇసరనేదే, దింపినాను. ఇంకాసేపుంటే వర్జ్యం వచ్చీస్తాది. రేపట్నుంచి మూఢం. మూఢంలో ఏటి మొదలెట్టినా కలిసిరాదు. మంచి గడియలో దింపితే అవే సర్దుకుంటాయనుకున్నాను."

త్రినాథ్‌కి రాజాం బజార్లో స్టీలు సామాన్ల కొట్టుంది. పంచాంగం చూడనిదే కొత్త గిన్నెని కూడా కొట్లోకి రానివ్వడు. అనూరాధ పెరట్లో కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా తెల్లదాన్ని పంజరంలో దింపేశాడు.

"ముహూర్తం దానికేటి తెలుస్తాదండీ?" అంది అనూరాధ. అంత ఉక్కబోతలోనూ ఆమె చీరకొంగు మెడచుట్టూ నిండుగా కప్పుకునే ఉంది. "ఎవరో తన ఇంట్లోకి వచ్చీసారని తెలుస్తాది. అంతే."

ఝాన్సీ మొదటిసారి ఆవిడవైపు తిన్నగా చూసింది. ఇంట్లోకి వస్తూనే నాన్న చెప్పాడు. "ఈ తెల్లది మేడమ్‌గారింట్లో పెరిగింది. పులికి తోడుంటాదని అడిగి తెచ్చాను. ఎలాగుంచాలో సూపిద్దామని ఆవిడా వచ్చారు." మేడమ్ అన్న మాటకి ఆవిడ చటుక్కున ఆయన మొహంలోకి చూసింది. అప్పట్నుంచీ కోపంగానే ఉంది. గుమ్మం పక్కన ఆవిడ తెచ్చిన పెద్ద సూట్‌కేసు. అందులో తెల్లదాని గడ్డీ గిన్నెలూ ఉంటాయనుకుంది ఝాన్సీ.

"అయితే ఏటి సెయ్యమంటారు?" అన్నాడు త్రినాథ్.

"సెయ్యాల్సినప్పుడు సెయ్యనేదు కదా మీరు. వేరువేరు పంజరాల్లో పెట్టి, మధ్యన ఎడం ఉంచాలి. ముందర దూరం నుంచి సూసుకోవాలి, వాసన తెలియాలి. ఎవరి తిండి వాళ్ళకి, దాక్కోడానికి ఎవరి చోటు వాళ్ళకి ఉండాలి. అప్పుడైనా పాతదానికి ఇష్టమైతేనే."

"అన్నాళ్ళు ఎవుడు ఆగుతాడు? ఇదిగో, ఈ పాత గుడ్డ తీసీసి కొత్తది పరిసీస్తే సరి. పాత వాసన పోతే తగువూ పోతాది." పంజరంలో పరిచిన చీర ముక్క పట్టుకుని లాగబోయాడు.

"అది అమ్మది," అంది ఝాన్సీ.

"వదలండి," అని అనూరాధ అతని చెయ్యి పక్కకి తోసింది. "అది అక్కడే ఉండాలి. మీరు దాని జోలికెళ్ళకండి."

ఝాన్సీకి ఆవిడ నచ్చింది.

త్రినాథ్‌కి మాత్రం ఒళ్ళు మండింది. తను చేసింది మంచిపనని ఎవరూ అనకపోతే అతను తట్టుకోలేడు. "సరే, ఓ వారం సూస్తాను. సర్దుకుంటే సర్దుకుంటాయి. నేకపోతే పులినే ఎక్కడికో అక్కడికి పంపించీడవే. రోజూ ఈ గొడవ నావల్ల కాదు."

ఝాన్సీ పంజరానికి అడ్డంగా కూర్చుంది. "పులి ఎళ్తే నేనూ ఎళ్ళిపోతాను."

"ఎవర్నండీ పంపిస్తారు?" అనూరాధ గొంతు లేచింది. "సెప్పాపెట్టకుండా తెచ్చింది మీరు. ముందర్నుంచీ ఉన్నదాన్ని బయటికి గెంటుతారా? కరిసిందంటే దాని తప్పు కాదు. దాని చోట్లో ఉంటే నేనైనా కరుద్దును."

"మెల్లగా మేడమ్. ఇరుగుపొరుగు వింటారు."

"విననివ్వండి. పాపకి ముందర ఒక్క ముక్కయినా సెప్పారా?"

త్రినాథ్ గోడ గడియారం వైపు చూశాడు. "నిదానంగా సెబుదామని..."

"అన్నీ సెప్పాను, ఎగిరి గంతేసిందని నాతో అన్నారు కదా."

"తెలిస్తే సంతోషిస్తాదనే అనుకున్నాను."

అనూరాధ తెల్లదాన్ని అట్టపెట్టెలో పెట్టింది. ఆమె తువ్వాలుని విసురుగా దులపడం ఝాన్సీ చూసింది. ఒక చిన్న జంతువు కోసం ఇంత కోపమా అని ఆశ్చర్యపోయింది. ఆ ఇంట్లో తన తరఫున ఒకరు నాన్నతో దెబ్బలాడి చాలా రోజులైంది.

అనూరాధ అట్టపెట్టెని పంజరానికి ఎడంగా జరిపి, తనూ ఝాన్సీకి అంతే ఎడంగా నేలమీద కూర్చుంది. పులి చీర ముక్క కిందకి దూరి ముక్కు మాత్రం బయటపెట్టింది.

"ఇది ఎప్పటికీ ఒప్పుకోకపోతే?" అడిగింది ఝాన్సీ.

"అలాగే వేరువేరుగా, పక్కపక్కన ఉంటాయి. పులి మాత్రం ఎక్కడికీ ఎళ్ళదు. ఆ పూచీ నాది."

"సూడ్డానికి మళ్ళీ ఎప్పుడొస్తారు మేడమ్?"

త్రినాథ్ గబగబా ముందుకొచ్చాడు. "ఝాన్సీ, నువ్వెళ్ళి మేడమ్‌గారికి కాఫీ..."

"మీరుండండి," అంది అనూరాధ. మెడచుట్టూ ఉన్న కొంగు తీసేసింది. పిల్లవైపు తిరిగింది.

"నిన్న రామతీర్థంలో మీ నాన్న నన్ను పెళ్ళి సేసుకున్నారమ్మా."