మాయని తాబేలు

కొలిమిలో వెండి కాగిన రంగు చీకట్లోనే సరిగ్గా తెలుస్తుంది కాబట్టి మా గోర్తూన్ పట్నంలో మేం నాణేలు రాత్రిపూటే కొడతాం. మా కుదాస్ మామ పరాయి ఊళ్ళ పాత నాణేన్ని పట్టకారుతో అచ్చు మీద పెడతాడు, నేను సుత్తి వేస్తాను. వాళ్ళ తాబేలు ముద్ర మాయమై మా ఊరి ఎద్దు ముద్ర లేస్తుంది.

ఆ రాత్రి ఒక చిన్న నాణెం మీద మూడుసార్లు కొట్టినా తాబేలే తేలింది.

"మామా, ఇది ఏ శవం నోట్లోంచి తీసిందో! చచ్చినవాళ్ళ నోట్లో పెట్టి పంపే, అవతలి లోకానికి పడవ కూలి కాదు కదా?"

"నీ భుజంలో సత్తువ లేదని చెప్పరా," అని మామ నవ్వి, మేమంతా చిల్లర దాచుకునేట్టే దాన్ని బుగ్గన పెట్టుకున్నాడు. "పొద్దున్న చూద్దాంలే."

కాసేపటికి ఏటివైపు నుంచి తెడ్డు చప్పుడు వినిపించింది. మా ఏరు మోకాలి లోతు కూడా ఉండదు. అందులో పడవలు తిరగవు.

చప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది.

"ఉమ్మెయ్ మామా," అన్నాను.

మామ నోరు తెరిచి వేలితో బుగ్గంతా వెతికాడు. అక్కడేమీ లేదు.

"కూలి ఇచ్చేసినట్టున్నానురా," అన్నాడు, పట్టకారు మెల్లగా కింద పెడుతూ.